ముఖం కనిపించని ఫోటోలు

(టీనేజ్ పిల్లల తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో ఒక ఫోటోగ్రఫీ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక విన్నపం. ఇప్పుడు మీ పిల్లలు తీసే ఫోటోల గురించి మాట్లాడుకోబోతున్నాం. ఇదంతా విని ఇంటికెళ్లగానే "ఏదీ, నీ ఫోన్ ఇలా ఇవ్వు" అనకండి. ఈ మీటింగ్ ఉందని తెలిసి, నా దగ్గర నేర్చుకునే పిల్లలు "మా ఫోటోలు చూపించరుగా మేడమ్?" అని ముందే మాట తీసుకున్నారు. అందుకే ఈ రోజు స్లయిడ్లు లేవు. నేను చెప్తాను, మీరు ఊహించుకోండి.

పెద్దవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. "ఎప్పుడు చూసినా ఆ సెల్ఫీల గోలేనా?" అనేది అందరిముందూ అడుగుతారు. రెండోది మాత్రం పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. "మా అమ్మాయి ఏ ఫోటోలోనూ ముఖం కనపడనివ్వట్లేదండీ. ఫోన్ అడ్డం పెట్టుకుంటుంది, జుట్టు వేసుకుంటుంది, వీపు చూపిస్తుంది. ఏమైనా ప్రాబ్లమా?" తమాషా ఏమిటంటే, ఒక్కోసారి ఈ రెండు ఫిర్యాదులూ ఒకే పిల్ల మీద వస్తాయి. నాన్నగారికి ముఖం మరీ ఎక్కువ చూపిస్తోందని బెంగ, అమ్మగారికి దాస్తోందని బెంగ.

నాకు రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. ఎంత చూపించాలి, ఎంత దాచాలి, ఎవరికి చూపించాలి అని తేల్చుకోవడం. ఆ వయసులో పిల్లల చేతిలో ఉండే నిర్ణయాలు ఎన్నో చెప్పండి? ఏ స్కూలు, ఏ గ్రూపు, ఎన్నింటికి లేవాలి, ఎవరింటికి వెళ్లాలి, అన్నీ మనమే చెప్తాం. శరీరం కూడా వాళ్లని అడక్కుండానే మారిపోతూ ఉంటుంది. ఫ్రేమ్ ఒక్కటే పూర్తిగా వాళ్లది. అందులోకి ఏది రావాలో, ఏది బయట ఉండాలో వాళ్లే చెప్తారు. టీనేజర్ ఫోటోలో ఏముందో చూడటం మనకి అలవాటే. ఏం దాచారో, దాన్ని ఎంత శ్రద్ధగా దాచారో చూడటం మొదలుపెడితే ఆ ఫోటో ఎక్కువ మాట్లాడుతుందని నా నమ్మకం.

సెల్ఫీ ఈ తరం జబ్బు అనేవాళ్ల కోసం కొంచెం చరిత్ర చెప్తాను. ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో. అదే సంవత్సరం ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన కెమెరా ముందు తనే నిలబడి తన ఫోటో తీసుకున్నాడు. చెదిరిన జుట్టు, కట్టుకున్న చేతులు, ఫ్రేమ్ మధ్యలో కూడా సరిగ్గా లేడు. ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో ఇపొలీత్ బయార్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఫోటోగ్రఫీ కనిపెట్టిన పేరంతా డాగేర్ అనే ఇంకో ఫ్రెంచి ఆయనకి పోయింది, తను కనిపెట్టిన పద్ధతిని ఎవరూ పట్టించుకోలేదు. దానికి ఆయన చేసిన నిరసన ఏమిటో తెలుసా? నీళ్లలో మునిగి చనిపోయిన మనిషిలా కళ్లు మూసుకుని వాలిపోయి, ఆ ఫోటో తనే తీసుకుని, వెనకాల తన 'చావు' గురించి వెటకారంగా రాసిపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 39. అంటే అలిగి స్టేటస్ పెట్టడం టీనేజర్లు మొదలుపెట్టిన పని కాదు. (నవ్వులు)

పిల్లల చేతికి కెమెరా వచ్చింది 1900లో. కొడాక్ కంపెనీ అట్టపెట్టెలాంటి బ్రౌనీ కెమెరాని ఒక్క డాలరుకి అమ్మింది, అదీ ముఖ్యంగా పిల్లల కోసమని ప్రచారం చేసి. అలాంటి బ్రౌనీతోనే 1914లో రష్యా చక్రవర్తి కూతురు అనస్తాసియా అద్దం ముందు నిలబడి తన ఫోటో తీసుకుంది. అప్పుడు ఆ అమ్మాయికి పదమూడేళ్లు. కెమెరా కుర్చీ మీద పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం వంచి నిలబడింది. ఆ ఫోటో గురించి ఉత్తరంలో రాస్తూ, అద్దంలో చూసుకుంటూ తీసుకున్నాననీ, చేతులు వణుకుతుంటే చాలా కష్టమైందనీ చెప్పింది. రాజు కూతురై ఉండి, అధికారికంగా ఫోటోలు తీసేవాళ్లు చుట్టూ ఉండి, చిన్నప్పటి నుంచి లెక్కలేనన్నిసార్లు కెమెరా ముందు నిలబడి ఉండి, ఆ పిల్లకి తన ఫోటో తనే తీసుకోవాలనిపించింది. ఆ కోరికే నాకు ముఖ్యం. ఆ అధికారిక ఫోటోల్లో ఆమె ఎలా నిలబడాలో ఇంకొకరు చెప్పారు. ఇందులో ఎవరూ చెప్పలేదు.

ఇంకొక పదమూడేళ్ల పిల్లాడి దగ్గర కాసేపు ఆగుతాను. ఈ కథ నాకు చాలా ఇష్టం. పేరు శామ్యూల్ ఫోసో. కామెరూన్‌లో పుట్టాడు, నైజీరియాలో అమ్మమ్మ తాతల దగ్గర పెరిగాడు, అక్కడి అంతర్యుద్ధం తర్వాత మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ దేశంలోని బాంగీ నగరానికి, ఒక బంధువు దగ్గరికి చేరాడు. 1975లో, పదమూడేళ్ల వయసులో సొంతంగా ఫోటో స్టూడియో తెరిచాడు. పగలంతా పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్లిజంటల ఫోటోలు. అది ఫిలిం రోజుల సంగతి. రీలు పూర్తయితే తప్ప కడగడానికి వీలవదు, పొద్దున్నే కస్టమర్లకి ఫోటోలు ఇవ్వాలి, చివర్లో కొన్ని ఫ్రేములు మిగిలిపోతుంటాయి. వాటిని వృథా చేయకుండా, స్టూడియో మూశాక, ఆ పిల్లాడు తన ఫోటోలు తీసుకునేవాడు. కొన్ని ఫోటోలు ఊళ్లో ఉన్న అమ్మమ్మకి పంపడానికి, నేను బాగానే ఉన్నాను అని చెప్పడానికి.

ఆ ఫోటోల్లో ఏముంటుందనుకున్నారు? బెల్ బాటమ్ ప్యాంటు, ఎత్తు మడమల బూట్లు, నల్ల కళ్లద్దాలు, వెనకాల పూల కర్టెన్లు. ఒకదాంట్లో హీరోలా, ఒకదాంట్లో సిగ్గుపడుతున్న కుర్రాడిలా. యుద్ధంలోంచి బయటపడి పరాయి దేశంలో బతుకుతున్న పిల్లాడు తన బాధ చూపించాలంటే ఎంతైనా చూపించవచ్చు. అమ్మమ్మ బెంగపెట్టుకుంటుందని చూపించలేదు. ఆ వయసు పిల్లాడు ఒక ముసలావిడ మనసు తేలికపరచడానికి అంత కష్టపడి ముస్తాబయ్యాడంటే, దాన్ని షో అని కొట్టిపారేయగలమా? అమ్మమ్మకి పంపనివి కూడా కొన్ని ఉన్నాయి. అవి తన కోసం. రాత్రిపూట ఖాళీ స్టూడియోలో, రేపు నేను ఎలాంటి మనిషిని అవుతాను అని వేసుకుని చూసుకున్న వేషాలు. 1994లో మాలీ దేశంలోని బమాకోలో జరిగిన ఫోటో ప్రదర్శనలో లోకం వాటిని చూసింది. అంటే దాదాపు ఇరవై ఏళ్లు ఆ ఫోటోలకి అమ్మమ్మ, తను తప్ప చెప్పుకోదగ్గ ప్రేక్షకులే లేరు. ఆయన ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన ఫోటోగ్రాఫర్. పెద్దయ్యాక కూడా వేషాలు మార్చుకుని తన ఫోటోలు తనే తీసుకుంటూ ఉన్నాడు.

ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త గురించి ఇక్కడున్న టీచర్లకి తెలిసే ఉంటుంది. కౌమారంలో ప్రధానమైన పని 'నేనెవరు' అని తేల్చుకోవడమేనని, దానికి సమాజం పిల్లలకి కొంత గడువు ఇవ్వాలని ఆయన వాదన. ఆ గడువులో వేషాలు వేస్తారు, విప్పేస్తారు, లెక్కలోకి రావు. బట్టల షాపులో ట్రయల్ రూమ్ లాంటిదనుకోండి. దానికి తలుపు ఉంటుంది, అదే ముఖ్యం. వేసుకున్నదల్లా కొనక్కర్లేదు, అసలు బయటికి వచ్చి ఎవరికీ చూపించక్కర్లేదు. ఫోన్‌లో ఫోటో తీసుకోవడం లోపల జరిగే పని, పోస్ట్ చేయడం తలుపు తీసుకుని బయటికి రావడం. మన గొడవంతా ఏమిటంటే, మనం తలుపు కొట్టి "ఏం వేసుకున్నావ్?" అంటున్నాం.

మరి ముఖం దాచుకోవడం సంగతి? ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ అని ఒక అమెరికన్ ఫోటోగ్రాఫర్. 1958లో పుట్టింది. పదమూడేళ్లకి తను తీసుకున్న తొలి స్వీయచిత్రం ఒకటి బాగా ప్రసిద్ధం. నలుపు తెలుపు ఫోటో, చతురస్రం. ఒక బెంచీ చివర కూర్చుంది. ముఖం అటు తిప్పేసింది, జుట్టు మొత్తం కప్పేసింది, ఒక్క కన్ను కూడా కనపడదు. చెయ్యి మాత్రం మన వైపు చాచి ఉంది. చేతిలో షట్టర్ నొక్కే కేబుల్. ఆ కేబుల్ మసకమసగ్గా సాగుతూ సరిగ్గా కెమెరా దాకా, అంటే మన కళ్లదాకా వస్తుంది. మామూలుగా ఎవరైనా ఫోటోలో కేబుల్ కనిపించకుండా జాగ్రత్తపడతారు. ఈ పిల్ల ముఖం దాచి కేబుల్ చూపించింది. నేను ఎలా ఉంటానో చెప్పను, కానీ ఈ ఫోటో తీసింది నేనే, బటన్ నా చేతిలోనే ఉంది అంటోంది. ముఖం చూపించే వెయ్యి సెల్ఫీల కంటే ఇందులో ఆ పిల్ల ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఆమె 1981లో, ఇరవై రెండేళ్లకే ప్రాణం తీసుకుంది. ఈ సంగతి చెప్పకుండా ఆమె ఫోటో గురించి మాట్లాడితే తర్వాత మీరు ఇంటర్నెట్‌లో చూసుకుని "అదిగో, ముఖం దాచుకుందంటే అర్థం అదన్నమాట" అని కంగారుపడతారు. అందుకే నేనే చెప్తున్నాను. ముగింపు తెలిశాక వెనక్కి వెళ్లి ప్రతి ఫోటోలోనూ ఆ ముగింపునే వెతకడం చాలా తేలిక. పదమూడేళ్లప్పుడు తీసిన ఫోటోకి అది అన్యాయం. ఆమె ఫోటోల్లో కొంటెతనం ఉంది, ఆట ఉంది, వెలుతురుతో చేసిన ప్రయోగాలు ఉన్నాయి.

2017లో ఒక పరిశోధన వచ్చింది. 166 మంది పెద్దవాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లోని దాదాపు 44 వేల ఫోటోల్ని కంప్యూటర్‌తో విశ్లేషించారు. డిప్రెషన్ ఉన్నవాళ్ల ఫోటోలు మొత్తంగా చూస్తే కొంచెం ఎక్కువ నీలంగా, బూడిదరంగుగా, చీకటిగా ఉన్నాయని తేలింది. ఇది వేల ఫోటోల సగటు. మీ అబ్బాయి నిన్న పెట్టిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి దీన్ని అంటగట్టకండి. చాలామంది పిల్లలకి బ్లాక్ అండ్ వైట్ నచ్చేది మొటిమలు కనిపించవని. నిజంగా. (నవ్వులు)

బెంగపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి, అవి చాలావరకు ఫోటోల బయటే ఉంటాయి. నిద్ర, తిండి బాగా మారిపోవడం, ఇష్టమైన పనులు వదిలేయడం, స్నేహితులకి దూరమవడం, నేను లేకపోతేనే బాగుండును అన్నట్టు మాట్లాడటం, ఒంటి మీద గాయాలు, వస్తువులు పంచిపెట్టేయడం, వీడ్కోలులాంటి క్యాప్షన్లు. వీటిలో ఏది కనిపించినా ఫోటోకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చోకండి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని సూటిగా అడగండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదు. అవునంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఇది చెప్పేశాను. మిగతా పిల్లల దగ్గరికి వస్తాను, వాళ్లే ఎక్కువ.

సరే, వాళ్లకి తమ ఫోటోలంటే ఎందుకంత చిరాకు? ఇందులో మనసుతో పాటు కొంత జామెట్రీ కూడా ఉంది. ముఖానికి అడుగు దూరంలో ఫోన్ పట్టుకుంటే, కెమెరాకి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది, దూరంగా ఉన్న చెవులు వెనక్కిపోతాయి. అయిదడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ఒక వైద్య పత్రిక లెక్కగట్టి చూపించింది. ఈ ఒక్క ముక్క క్లాసులో చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి మీరు! కొందరైతే ఏళ్ల తరబడి మోసిన బరువు దించుకున్నట్టు ఊపిరి పీలుస్తారు. ఫోన్‌ని అరలో నిలబెట్టి, టైమర్ పెట్టి, అయిదడుగులు వెనక్కి వెళ్లి తీసుకోమంటాను. అదే ముఖం, వేరే ముక్కు.

ఇంకోటి అద్దం. మన ముఖాన్ని మనం జీవితమంతా అద్దంలో కుడిఎడమలు తారుమారుగానే చూస్తాం. 1977లో అమెరికాలో సైకాలజిస్టులు కొంతమంది అమ్మాయిలకి వాళ్ల ఫోటోలే రెండు రకాలుగా చూపించారు, ఒకటి మామూలుగా, ఒకటి అద్దంలోలా తిరగేసి. వాళ్లు ఎక్కువగా అద్దం బొమ్మనే బాగుందన్నారు. వాళ్ల స్నేహితులు మామూలుదే బాగుందన్నారు. ఎవరికి అలవాటైన ముఖం వాళ్లకి నచ్చింది, అంతే. ఇంకొకరు తీసిన ఫోటోలో "నేను ఇలా ఉండను" అని పిల్ల అరిచినప్పుడు అది గారం కాదు, తనకి తెలిసిన ముఖం అది కాదు మరి. ఇంకో సంగతి, కొన్ని ఫోన్లలో అడక్కుండానే చర్మాన్ని నునుపు చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఎలా ఆఫ్ చేయాలో పిల్లలకి చూపించండి. ఆఫ్ చేయమని బలవంతపెట్టకండి, ఉందని తెలిస్తే చాలు.

ఇప్పుడు నా క్లాసు సంగతి. నేను ఇచ్చే పనుల్లో ఒకటి ఇది: ఒక భావం తియ్యండి, మనుషులెవరూ ఫోటోలో ఉండకూడదు. మొదట గొడవ చేస్తారు. తర్వాత తెచ్చే ఫోటోలు చూస్తే నాకే మాట రాదు. ఒక అబ్బాయి స్విచ్‌బోర్డు ఫోటో తెచ్చాడు. అన్ని స్విచ్‌లూ ఆఫ్, ఒక్కటి ఆన్. ఎక్కడిది అని అడిగితే, రాత్రి అందరూ పడుకున్నాక వాళ్లింటి హాల్లో ఉండే బోర్డు అన్నాడు. ఆ ఒక్క స్విచ్ తన గదిది. ఇంకో అమ్మాయి మెట్ల మధ్యలో ఉండే ఖాళీ చోటు తీసింది, అదే చోటు, వేరే వేరే వేళల్లో. ఇంట్లో తను ఎవరితోనైనా ఒంటరిగా మాట్లాడుకోగలిగేది అక్కడేనట. గది లేని పిల్ల తనకో గదిని ఫోటోతో కట్టుకుంది.

సంతోషం కూడా తెస్తారండోయ్. మనం పిల్లల భావాలు అనగానే దుఃఖం గురించే మాట్లాడతాం, ఎందుకో! వాళ్ల సంతోషం చాలాసార్లు కదిలిపోయిన ఫోటోల్లో ఉంటుంది. నవ్వుతూ పరిగెడుతుంటే తీసినవి, ఎవరి ముఖమూ సరిగ్గా లేనివి, సగం వేలు అడ్డమొచ్చినవి. మనమైతే డిలీట్ చేస్తాం. వాళ్లు అవే దాచుకుంటారు. పోజు పెట్టే తీరిక కూడా లేనంత సంతోషంగా ఉన్నామని దానికి అర్థం. ఈ మధ్య చాలామంది పిల్లలు పాత డిజిటల్ కెమెరాలు, వాడి పారేసే ఫిలిం కెమెరాలు వెతికి మరీ కొనుక్కుంటున్నారు. ఫ్యాషన్ కొంత ఉంది, కాదనను. ఫిలిం కెమెరాలో తీసిన వెంటనే చూసుకోవడానికి ఉండదు కదా, ఆ హాయి కూడా ఉంది. చూసుకుని, బాధపడి, మళ్లీ తీసుకునే పని తప్పుతుంది.

టెక్నిక్ నేర్పడం ఇక్కడ పనికొస్తుంది. షట్టర్ 1/1000 సెకను మాత్రమే తెరుచుకునేలా పెడితే దూకుతున్న స్నేహితురాలు గాల్లో ఆగిపోతుంది. 1/8కి పెడితే గాలిలా చెదిరిపోతుంది. ఒకే గెంతు, రెండు మాటలు. కిటికీ ముందు మనిషిని నిలబెట్టి, ఎక్స్‌పోజర్‌ని, అంటే కెమెరా లోపలికి రానిచ్చే వెలుతురుని, కిటికీ వెలుతురుకి సరిచేస్తే ముఖం పూర్తిగా నల్లగా అయిపోయి అంచు మాత్రం మిగులుతుంది. ముఖం చూపించడం ఇష్టంలేని పిల్లలకి నేను మొదట నేర్పేది ఇదే. ఫోన్ అడ్డం పెట్టుకోవడం కంటే అందంగా దాక్కోవచ్చు. కొన్నాళ్లకి కొందరు ఎక్స్‌పోజర్ కొంచెం పెంచుతారు, ముక్కు కనిపిస్తుంది, కన్ను కనిపిస్తుంది. కొందరు ఎప్పటికీ పెంచరు. నేను పెంచమని అడగను.

పిల్లల ఫోటోలు ఎలా చూడాలో నాకు నేర్పింది వెండీ ఎవాల్డ్ అనే ఫోటోగ్రాఫర్ చేసిన పని. 1975 నుంచి కొన్నేళ్లు అమెరికాలోని కెంటకీ కొండప్రాంతంలో స్కూలు పిల్లలకి కెమెరాలిచ్చి ఆమె పాఠాలు చెప్పింది. మీ ఫోటో తీసుకోండి, మీ ఇంటివాళ్లని తియ్యండి, మీ జంతువుల్ని తియ్యండి అన్నాక, మీ కలలు తియ్యండి అంది. కలని ఎలా తీస్తారు? దాన్ని నటించాలి, చోటు వెతుక్కోవాలి, తమ్ముణ్ణి బతిమాలి పడుకోబెట్టాలి. అలా తీస్తున్నప్పుడు మామూలుగా నోటితో చెప్పని భయాలు బయటికొస్తాయి, కానీ 'ఇది కల' అనే ముసుగు ఉంటుంది. పిల్లలు తమ ఫిలిం తామే కడిగి, ప్రింట్ వేసి, ఆ ఫోటోల గురించి మాట్లాడారు, రాశారు. 1990ల మొదట్లో చైనాలోని యునాన్‌లో పల్లె స్త్రీలకి కెమెరాలిచ్చి కరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ మొదలుపెట్టిన 'ఫోటోవాయిస్' పద్ధతిలోనూ అంతే, ఫోటోకి అర్థం తీసినవాళ్లే చెప్తారు. చూసేవాళ్లు వింటారు.

అందుకే ఇంట్లో పిల్ల తనంతట తను ఫోటో చూపిస్తే "అబ్బ, ఎంత బాగుందో" అనకండి, "ఎందుకింత డల్‌గా ఉంది?" అని అసలే అనకండి. మొదటిది మాటని ఆపేస్తుంది, రెండోది పిల్లనే ఆపేస్తుంది. ఫోటో గురించే అడగండి. ఎక్కడ నిలబడి తీశావు? ఈ అంచు బయట ఏముంది? ఇలాంటివి ఇంకా తీసి ఉంటావు కదా, ఇదే ఎందుకు ఉంచావు? పిల్ల తన గురించి మాట్లాడక్కర్లేదు, ఫ్రేమ్ గురించి మాట్లాడుతుంది. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడో తన గురించి చెప్తుంది. చెప్పకపోయినా ఫర్వాలేదు.

లైకుల గురించి చెప్పలేదేమిటి అనుకుంటున్నారేమో. దాని మీద మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. ఒక్క మాట చెప్తాను. డేవిడ్ ఎల్కైండ్ అనే సైకాలజిస్టు 1967లోనే, ఈ వయసు పిల్లలు తమని అందరూ ఎప్పుడూ చూస్తున్నారనే భావనలో ఉంటారని, ఒక ఊహాప్రేక్షకులు వాళ్ల తలలో ఉంటారని రాశాడు. అప్పుడది ఊహ. ఇప్పుడు ఆ ప్రేక్షకుల సంఖ్య ఫోటో కింద అంకెల్లో కనిపిస్తోంది. పాపం, ఊహే నయం. ఎక్కువమందికి ఒక ఖాతా, నలుగురైదుగురు నమ్మకస్తులకి ఇంకో ఖాతా పెట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. పెద్దవాళ్లు దాన్ని దొంగతనంలా చూస్తారు. నాకైతే శామ్యూల్ ఫోసో గుర్తొస్తాడు. అమ్మమ్మకి ఒక ఫోటో, తనకి ఒక ఫోటో.

ఇక మన వైపు తప్పులు. పిల్లల ఫోటోలు వాళ్లని అడక్కుండా పెట్టేది ఎవరు? ఈ హాల్లో చేతులెత్తమంటే నాకూ మీకూ ఇబ్బంది, వదిలేద్దాం. (నవ్వులు) పదమూడేళ్ల పిల్లకి తన మూడేళ్ల నాటి స్నానం ఫోటో ఇంటర్నెట్‌లో ఉండటం ముద్దుగా అనిపించదు. ఫోటో పెట్టేముందు అడగండి, వద్దంటే మానేయండి. మనం అడిగిన ఇంట్లోనే, స్నేహితుల ఫోటో పెట్టేముందు వాళ్లని అడగాలని పిల్లలకి తెలుస్తుంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు వివరం ఫోటో ఫైల్లోనే నమోదవుతుంది. దాన్ని ఆపేయడం ఒక నిమిషం పని.

కొంచెం కష్టమైన విషయం కూడా చెప్పాలి. పిల్లల ప్రైవేటు ఫోటో ఎవరి చేతికో చిక్కి బెదిరింపులు మొదలైతే, మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట "నాకు చెప్పి మంచిపని చేశావు" అయ్యుండాలి. అసలెందుకు తీసుకున్నావు అనే ప్రశ్న ఆ రోజు వద్దు. డబ్బు పంపకండి, బెదిరించినవాడితో మాటలు ఆపేయండి, మెసేజ్‌లు సాక్ష్యంగా ఉంచండి, ఫిర్యాదు చేయండి. పద్దెనిమిదేళ్లలోపు తీసిన అలాంటి ఫోటోల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే జాతీయ సంస్థ నడుపుతుంది. ఫోటోని అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఆ ఫోటోకి ఒక డిజిటల్ వేలిముద్రలాంటిది మీ ఫోన్‌లోనే తయారై, అది మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన సోషల్ మీడియా కంపెనీలు దాన్ని బట్టి ఆ ఫోటో పట్టుకుని తీసేస్తాయి. తనకి సాయం దొరుకుతుందని తెలిస్తే పిల్ల మీ దగ్గరికి వస్తుంది.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి ఒకరు: ఫోటోగ్రఫీ మీద ఇంట్రెస్ట్ ఉంది మా పాపకి. ఏ కెమెరా కొనమంటారు?)

ఇప్పుడే వద్దండీ. ఉన్న ఫోన్‌తోనే ఆరు నెలలు తియ్యనివ్వండి. ఖరీదైన కెమెరా కొంటే మీరు ఫలితం అడగడం మొదలుపెడతారు, "కొన్నాం కదా, ఏం తీశావ్?" అని. ఫోన్‌లో చేయలేనిది ఏదో తనకే తగిలి, ఫలానాది కావాలని తనే వచ్చి చెప్పినప్పుడు, సెకండ్ హ్యాండ్‌ది చూడండి.

(ఇంకొకరు: మా అబ్బాయి ఏణ్ణర్ధం ఫోటోలన్నీ ఒక్క రాత్రి డిలీట్ చేసేశాడు మేడమ్. రేపు పెద్దయ్యాక బాధపడడా?)

పడొచ్చు సార్. పడకపోనూవచ్చు. జాక్ ఆన్రీ లార్తీగ్ అని ఒక ఫ్రెంచి ఆయన ఉన్నాడు. ఏడెనిమిదేళ్లప్పుడు నాన్న కెమెరా కొనిస్తే, అప్పటి నుంచి దూకే బంధువుల్నీ, దూసుకుపోయే కార్లనీ తీసి ఆల్బముల్లో అతికించుకుంటూ పోయాడు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాటిని 1963లో ప్రదర్శించేనాటికి ఆయనకి అరవై తొమ్మిదేళ్లు. దాచుకోవడం ఆ పిల్లాడి స్వభావం. మీవాడి స్వభావం వేరే కావచ్చు. పదిహేనేళ్లప్పటి ముఖం పదహారేళ్లకి చూసుకోలేని పిల్లలు చాలామంది ఉంటారు. ఆ ఫోటోల్లో ఉన్న మనిషి నేను కాను అని వాడు తేల్చుకున్నాడు, అది కూడా వాడి ఎంపికే. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెనక్కి తేవాలని చూడకండి దయచేసి. ఇకముందు తీసేవాటిలో ఏవైనా ప్రింట్ వేయించుకోవాలనిపిస్తే వేయించుకోమని కొంత డబ్బు వాడి చేతికివ్వండి. ఏవి వేయించాడని మాత్రం అడక్కండి.